వాన సీను

పదకొండుసార్లు చూశాం, నేనూ మువల్లా.
ఇజ్మీర్‌లో, కర్షియకా రేవు వెనక సందులో,
వేసవికి మాత్రమే తెరిచే ఆ కప్పులేని సినిమాహాల్లో.
గోడకు సున్నం కొట్టి దాన్నే తెర అనేవాళ్ళు.
కుర్చీల మేకులకు గౌన్లు చిరిగేవి.
కాళ్ళ కింద పొద్దుతిరుగుడు గింజల పొట్టు
ఎండుటాకులు తొక్కినట్టు కరకరమనేది.

పన్నెండోసారి నిన్న చూశాను,
నలభై తొమ్మిదేళ్ళ తర్వాత.
మనవరాలు దెఫ్నె లాప్‌టాప్ తెచ్చి నా ఒళ్ళో పెట్టి
"నానమ్మా, ఎప్పుడూ చెప్తుంటావే, అది దొరికింది" అంది.
కళ్ళజోడు తుడుచుకున్నాను.
టీ కాచాను, రెండు గ్లాసులు.
రెండోది ఎవరికోసమో నాకే తెలీదు.
మువల్లా పోయి ఆరేళ్ళు.

మొదలైంది.
ఓడ. పొగ. రేవులో కెనాన్.
ఆ కోటు! అప్పట్లో ఆ కాలర్ పైకి లేస్తే చాలు
మా ఇద్దరికీ ఊపిరాడేది కాదు.
ఇప్పుడు చూస్తే భుజాల దగ్గర వదులు,
ఎవరినో అడిగి తెచ్చుకున్నట్టుంది.

ఆమె పేరు అడగడానికి అతనికి నలభై నిమిషాలు పట్టింది.
గడియారం చూసి మరీ చెబుతున్నాను.
ఈలోగా ఆమె చేత ఉద్యోగం మాన్పించాడు,
జుట్టు కత్తిరించుకోవద్దన్నాడు,
ఎవరితోనో నవ్విందని చెంప ఛెళ్ళుమనిపించాడు.

ఆ దెబ్బకి మేం చప్పట్లు కొట్టేవాళ్ళం.
పదకొండుసార్లూ.
"ఎంత ప్రేమ ఉంటే అలా కొడతాడు" అనేది మువల్లా.
నేను తలూపేదాన్ని.
పెళ్ళయ్యాక, నా మొదటి దెబ్బ రాత్రి,
వంటింట్లో నిలబడి
వయొలిన్లు మోగుతాయేమోనని విన్నాను.
కుళాయి కారుతోంది.
ఈ సంగతి దెఫ్నెకి చెప్పలేదు.
వాళ్ళ తాతయ్య ఫొటో గోడమీద ఉంది.

మధ్యలో ఫోన్లోంచి తలెత్తి
"ఈవిడ వెళ్ళిపోదేం?" అంది పిల్ల.
చూపు పోయింది గదమ్మా, అన్నాను.
"అంతకుముందు?"

నేను వాన సీను కోసం కాచుకున్నాను.
తక్కినదంతా చెత్తయినా అదుంది కదా.
గొడుగు లేక ఆమె తడుస్తుంటే
అతను వచ్చి, తలమీద ఏదో అడ్డం పట్టి,
వెలిసేదాకా అలాగే నిలబడతాడు.
ఒక్క ముక్క మాట్లాడడు. ఏమీ అడగడు.
మగవాళ్ళందరినీ నేను ఆ సీనుతోనే కొలిచాను.
ఎవరూ సరిపోలేదు.

పాట అయిపోయింది. కోర్టు అయిపోయింది.
ఆపరేషన్, కట్టు విప్పడం, "నాకు కనిపిస్తోంది!"
సమాప్తం.
వాన లేదు.

వెనక్కి జరపమన్నాను. విసుక్కోకుండా జరిపింది.
సినిమా మొత్తం ఎండే.
ఒకచోట మబ్బు, అదీ అట్టమీద గీసింది.
"కత్తిరించేసి ఉంటారు నానమ్మా."
అయ్యుండొచ్చు.

రాత్రి పక్కమీద దొర్లుతుంటే
తడిసిన చెక్క వాసన, పంచదార జిగురు.
ఏడోసారో, ఎనిమిదోసారో.
విరామం తర్వాత కరెంటు పోయింది, వెంటనే వాన.
జనం కుర్చీలు తన్నుకుంటూ పరుగు.
మువల్లా నన్నొదిలేసి గేటుకి ఉరికింది.
సోడాలమ్మే కుర్రాడు జెవ్‌దెత్, నత్తివాడు,
వరసల మధ్య "గ గ గజోజ్" అంటూ తిరిగితే
అందరికన్నా గట్టిగా నవ్వింది మేమే,
ఖాళీ సోడాపెట్టె బోర్లించి
నా తలమీద పట్టాడు.
దానికెన్ని కంతలో, సగం వాన నామీదే.
చేతులు వణికాయి. దించలేదు.
నేను అతని వైపు చూడనైనా లేదు.
తెల్లగోడనే చూస్తున్నాను,
కరెంటు వస్తే కెనాన్ వస్తాడని.

వెలిశాక పెట్టె దించుకుని
సీసాలు ఏరుకోవడానికి పోయాడు.

ఇదైనా జరిగిందా, ఇదీ నేను కుట్టుకున్నదేనా?
అడుగుదామంటే మువల్లా లేదు.
ఉన్నా, అది గేటు దగ్గరుంది.

పొద్దున దెఫ్నె అడిగింది, ఇంకో పాత సినిమా వెతకనా అని.
ముందా గ్లాసులు కడుగు, అన్నాను.
రెండోదాంట్లో టీ అలాగే ఉంది.